దోనెలో కదలకుండా కూర్చోవడం

మా బాబాయి తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో కాటా గుమాస్తా. బళ్ల మీద వచ్చిన ధాన్యం బస్తాలను కాటా మీద పెట్టించి, బరువు పైకి చదవడం ఆయన పని. రోజంతా బస్తాల బరువు చూసే మనిషి తన బరువు ఏనాడూ చూసుకోలేదు. ఆ అవసరం కొల్లేట్లో వచ్చింది.

ఇది పందొమ్మిదివందల ముప్పైల మధ్యలో సంగతి. పిన్ని అప్పటికి కొన్నేళ్ల కిందటే పోయింది. ఉన్న ఒక్క కూతుర్నీ కొల్లేటి లంక గ్రామంలో ఇచ్చాడు. పెళ్లయిన మొదటి ఏడు, వానలు తగ్గుముఖం పట్టాక, కూతుర్ని చూసి వద్దామని నన్ను తోడు తీసుకుని బయలుదేరాడు. ఏలూరు నుంచి కాలువ పడవ మీద సరస్సు అంచుదాకా వెళ్లాం. అక్కడినుంచి ఊళ్లోకి కిక్కిస గడ్డి మధ్యగా సన్నటి నీటిదారి. పెద్ద పడవ దూరదు. తాటిమాను తొలిచి చేసిన దోనె ఒక్కటే ఆధారం. మా చెల్లెలి అత్తగారే గడ పట్టుకుని దోనె తెచ్చింది. ఆ ఊరి ఆడవాళ్లకు గడ వెయ్యడం బిందె ఎత్తినంత మామూలు.

దోనె ఎక్కినవాడు వెంటనే మోకాళ్లు ముడిచి గొంతుక్కూర్చోవాలి. దిగేదాకా కదలకూడదు. బాబాయి సగందాకా వంగాడు. అక్కడ మోకాళ్లు మొరాయించాయి. పట్టుకోవడానికి ఏమీ లేక రెండు చేతులూ గాలిలో చాపాడు. మరుక్షణం మొలలోతు నీళ్లలో ఉన్నాడు.

"ఏవండీ అన్నయ్యగారూ, స్నానం ఇంటికెళ్లాక చేయిద్దామనుకున్నానండీ!" అంది వియ్యపురాలు. ఒడ్డు మీద వాళ్లంతా నవ్వారు. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. "మొన్న ఇదే దోనెలో రెండు ధాన్యం బస్తాలు వేసుకెళ్లానండీ. పాపం అవి కిక్కురుమనకుండా కూర్చున్నాయండీ."

"బస్తాలకి భయముండదు గదండీ చెల్లెమ్మగారూ," అన్నాడు బాబాయి, పంచె పిండుకుంటూ.

రెండోసారి ఎక్కలేదు. కబురందుకుని కూతురే ఇంకో దోనెలో వచ్చి, ఒడ్డున కాసేపు మాట్లాడి వెళ్లింది. తిరుగు ప్రయాణంలో, ఏలూరు దీపాలు కనిపించేసరికి బాబాయి నావైపు తిరిగాడు. "ఒరే అబ్బాయ్, ఒళ్లు తగ్గాలిరా. పిల్ల గుమ్మం తొక్కలేని తండ్రి ఉండి ఎందుకు?"

ఆ మాట మిల్లులో బయటపడగానే అందరూ వైద్యులయ్యారు. పొద్దున్నే వేడినీళ్లలో తేనె కలుపుకుని తాగితే కొవ్వు కరుగుతుందని ఒకరు చెప్పారు. ఉలవచారు తాగితే గుర్రంలా తయారవుతారని మరొకరు. బాయిలరు దగ్గర కంబళి కప్పుకుని కూర్చుంటే కొవ్వంతా చెమటై పోతుందని ఇంజను డ్రైవరు చెప్పాడు. బాబాయి అదీ చేశాడు. చెమట కారాక కాటా ఎక్కితే ముల్లు కాస్త తగ్గింది. సంబరపడి చెంబెడు మజ్జిగ తాగాడు. మళ్లీ ఎక్కితే ముల్లు పాతచోటికే వచ్చింది.

ఇవన్నీ చిన్నవి. అసలు నమ్మకం వేరే ఉంది. అది ధాన్యం మిల్లుల ఊళ్లో తప్ప పుట్టదు. మిల్లులో బియ్యానికి పాలిషు పట్టినప్పుడు రాలే తవుడు గేదెలకు పోతుంది. తవుడు తిన్న గేదెలు నున్నగా బలిసి ఉంటాయి. కనక తవుడున్న బియ్యం తింటే మనిషీ బలుస్తాడు, తవుడంతా పోయిన మల్లెపువ్వులాంటి బియ్యం తింటే తేలికవుతాడు. ఇది బాబాయి ఒక్కడి తర్కం కాదు. కళ్లంలో ధాన్యం ఆరబోసే వాళ్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ అదే చెప్పేవారు.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆయన తెల్లటి గంజన్నం, కారప్పొడి ముందు పెట్టుకుని ఉన్నాడు.

"ఆ గేదె తవుడొక్కటే తినడం లేదుగదండీ బాబాయ్. సగం గడ్డిమేటు కూడా తింటోంది," అన్నాను.

"నీ పుస్తకాల్లో గేదెల గురించి కూడా రాశారట్రా?"

రాశారు. నేను థర్డు ఫారంతో బడి మానేసి ఏలూరులో ఒక బట్టల కొట్లో గజాలు కొలిచేవాణ్ణి. మధ్యాహ్నం కొట్టు మూసినంతసేపూ గ్రంథాలయంలోనే ఉండేవాణ్ణి. పశువుల పోషణ బీరువాలో పై అరలో ఉండేది, శరీర పోషణ కింది అరలో. రెండూ చదివాను. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకునేవాణ్ణి. ఒక్క పేజీకి ఒక మధ్యాహ్నం పట్టిన రోజులున్నాయి. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది.

బాబాయి మాత్రం గంజి మానలేదు. కారణం, కాటా ఆయన పక్షాన ఉంది. వాతమని పప్పు మానేశాడు. కొవ్వని చేప మానేశాడు. వారం వారం ముల్లు దిగుతూనే వచ్చింది. హమాలీలు ఆయన బరువును బస్తా బరువు చదివినట్టే రాగం తీసి చదివేవారు. తగ్గినప్పుడల్లా కూతురికి కబురు. లంక నుంచి చేపలు తెచ్చి ఏలూరులో అమ్మే మనిషి ఆ కబుర్లు మోసుకుపోయేవాడు.

వేసవి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. బుగ్గలు పీక్కుపోయాయి, పొట్ట మాత్రం కొంత మిగిలింది. పాదాలు తిమ్మిరెక్కుతున్నాయనేవాడు. కుర్చీలోంచి లేవాలంటే గోడ పట్టుకునేవాడు. రైలు పెట్టె మెట్టు ఎక్కడానికి నా భుజం కావలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే లంకలో మనవడు పుట్టాడు. తల్లి లేదు కనక మా చెల్లెలు పురిటికి తాడేపల్లిగూడెం రాలేదు. ఎండలకు కొల్లేరు వెనక్కి తగ్గి, దోనె అక్కర్లేకుండా గట్ల వెంట నడిచి పోవచ్చు. నీళ్లున్నప్పుడు దోనెలో కూర్చోలేకపోయిన మనిషి, నీళ్లు లేనప్పుడు నడవలేకపోయాడు.

దంపుడు బియ్యం పైపొర గురించీ, అది పోయిన బియ్యమే తినేవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కడం గురించీ నేను చదివినదంతా ఆయనకు చెప్పాను. కానీ పుస్తకం చదివినవాడు వైద్యుడు కాడు. అందుకని మిషను ఆస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మగారు కాళ్లు నొక్కి చూసి, మోకాళ్ల మీద తట్టి చూసి, ఏం తింటున్నారని అడిగింది.

"తేలికైన తిండేనండీ. తెల్లన్నం, గంజి."

"పప్పు?"

"వాతమని మానేశానండీ."

"చేప?"

"కొవ్వని మానేశానండీ."

"మరి బతకడం ఎప్పుడు మానేద్దామనుకున్నారండీ?"

మందు ఇచ్చింది. దంపుడు బియ్యం, కందిపప్పు, చేప, ఆకుకూర, మజ్జిగ తినమంది. అన్నం రెండోసారి వడ్డించుకోవద్దంది. కాళ్లకు బలం వచ్చాక వాటితో పని చేయించమంది. ఇందులో వింత మందేమీ లేదని బాబాయికి కొంచెం నిరాశ కలిగింది.

మిల్లు గుమాస్తా ఇంట్లో రోకలి చప్పుడు మొదలైంది. "ఏవండీ గుమాస్తాగారూ, మిల్లు ఉప్పు తింటూ రోకలికి మొక్కుతున్నారట!" అని అందరూ ఆటపట్టించారు. దానికి ఆయన జంకలేదు. జంకినది కాటాకు. తిండి కుదుటపడగానే ముల్లు పైకి కదిలింది.

"ఒరే, ఇన్నాళ్లు కష్టపడి దింపింది మళ్లీ ఎక్కుతోందిరా," అన్నాడు. మళ్లీ గంజికి దిగుతాడేమోనని నాకు భయం వేసింది.

"కాటా బరువే చెబుతుందండీ బాబాయ్. పోయింది కొవ్వో కండో చెప్పదు. మీకు పోయినదాంట్లో కండే ఎక్కువ. దోనెలో మిమ్మల్ని కూర్చోబెట్టేది ఆ కండేనండీ. రెండు బస్తాలు మోసిన దోనె మిమ్మల్ని మొయ్యలేకనా?"

ఆయనకు వియ్యపురాలి వేళాకోళం అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. ఆ రోజునుంచి కాటా ఎక్కలేదు.

ఏలూరులో మా కొట్టు వెనక వీధిలో ఒక తాలింఖానా, అంటే వ్యాయామశాల, ఉండేది. కుర్రాళ్లు అక్కడ దండీలు, బస్కీలు తీసేవారు, గోదాలో కుస్తీ పట్టేవారు. నేను గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. పాలు, బాదంపప్పు, నెయ్యి తింటే కండ వస్తుందని వాళ్ల నమ్మకం. అవి తిని గోదాలోకి దిగనివాడికి పొట్ట వచ్చింది. అక్కడి ఉస్తాదు కొత్తవాణ్ణి మొదట్లో బరువెత్తే సంగిడీ రాయి ముట్టుకోనిచ్చేవాడు కాదు. కూర్చోవడం, లేవడం సరిగా వచ్చాకే రాయి. పుస్తకంలోనూ అదే ఉంది: తేలికైన పని సరిగా చెయ్యి, అది సులువయ్యాక కొంచెం పెంచు, మధ్యలో విశ్రాంతి తీసుకో.

మిల్లులో బస్తాలకు కొదవ లేదు. కొట్టుకు సెలవు పెట్టి వెళ్లి, ఒకదాని మీద ఒకటి రెండు బస్తాలు పెట్టి, బాబాయిని వాటి మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవమన్నాను. మొదటిరోజు లేచాడుగాని, పళ్లు బిగబట్టి లేచాడు. తొలకరి గాలి తిరిగేసరికి అది ఆయనకు ఆటయింది. అప్పుడు పై బస్తా తీసేశాడు. ఒక్క బస్తా ఎత్తునుంచి లేవడం చాలా వారాలు కుదరలేదు. మోకాళ్లు నొప్పెడితే ఆ రోజుకు ఆపేవాడు. వానలు పట్టుకున్నాక బస్తా కూడా పోయి, మడత పెట్టిన ఖాళీ గోనెలు మిగిలాయి. సాయంత్రాలు చెరో చేతా ఒక తూకపు రాయి పట్టుకుని కళ్లం చుట్టూ నడిచేవాడు. ఆదివారం ఏమీ లేదు. ఆ విషయంలో పుస్తకమూ మా క్రైస్తవుల గుడీ ఒక్కమాటే చెప్పాయి.

నీళ్లు నిండాక లంక నుంచి కబురొచ్చింది. పాదిరిగారి పడవ ఆ వైపు వచ్చేది ఏడాదికొకసారి. అప్పుడే పిల్లవాడికి బాప్తిస్మం. మా కుటుంబాల్లో తల్లి వైపు పెద్దలెవరో ఒకరు బిడ్డను ఒళ్లో పెట్టుకుని మోకరించి, ప్రార్థన అయ్యాక లేచి పాదిరిగారి చేతికి అందించాలి. మా పిన్ని ఉంటే ఆమె చేసేది. బాబాయి రాలేకపోతే వియ్యంకుడే చేస్తాడు. "అప్పుడు నా వైపు మనిషి లేనట్టే గుళ్లో నిలబడాలి," అందట మా చెల్లెలు.

సరస్సు అంచున మళ్లీ అదే దోనె, అదే వియ్యపురాలు.

"ఎంత తగ్గారండీ అన్నయ్యగారూ?"

"తెలియదండీ చెల్లెమ్మగారూ. కాటా బస్తాలకి వదిలేశానండీ."

నిజానికి మొదటి ఏటికంటే కొంచెం చిక్కాడంతే. బొజ్జ ఇంకా ఉంది. దోనెలో అడుగుపెట్టి, చేతులు ముందుకు చాపి, గోనెల మీద కూర్చున్నట్టే నెమ్మదిగా దిగి, గొంతుక్కూర్చున్నాడు. దోనె ఒకసారి ఊగి నిలబడింది. ఆవిడ గడ వేసింది. దారి పొడుగునా ఆయన తల కూడా తిప్పలేదు. ఒక కొంగ పక్కనే లేచి ఎగిరినా చూడలేదు.

గుడి కిక్కిస గడ్డి కప్పిన పాక. చాపల మీద అందరూ మోకరించారు. మనవడు బాబాయి చేతుల్లో ఉన్నాడు. పాదిరిగారి ప్రార్థనలు పొడుగు. అవి నడుస్తున్నంతసేపూ మా చెల్లెలు కళ్లు మూసుకోలేదు. తండ్రి మోకాళ్లనే చూస్తోంది. ఆమేన్ అనగానే నేను వెనకనుంచి చెయ్యి చాపాను.

బాబాయి నా చెయ్యి చూడలేదు. ఒక పాదం ముందుకు వేసి, నేల మీద గట్టిగా ఆనించి, పిల్లవాణ్ణి గుండెకు హత్తుకుని ఒక్క ఊపులో లేచాడు. పిల్లవాడు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు.

"మీ తాతయ్యే నయం నాయనా, దారంతా కిక్కురుమనలేదు," అంది వియ్యపురాలు గుసగుసగా. పాదిరిగారు కూడా నవ్వు దాచుకోలేదు.

ఆ మధ్యాహ్నం మా చెల్లెలు వడ్డించింది. దంపుడు బియ్యం అన్నం, కొరమేను పులుసు. ఆమె రెండోసారి అన్నం తెస్తే బాబాయి విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, చేప ముక్క మాత్రం వెయ్యమన్నాడు.