ఇరవైరెండు క్రోమోజోములు

రాజకుమారి దీదీ మా బడిలో ల్యాబ్ అటెండరు. తాత నూకయ్య శ్రీకాకుళం తీరం నుంచి ఓడలో ఈ దీవికి వచ్చి హాడో రేవులో మూటలు మోశాడు. మనవరాలు పదో తరగతితో చదువు ఆపేసి, రోజుకూలీగా ల్యాబులో చేరి, నేను పన్నెండుకి వచ్చేనాటికి పంతొమ్మిదేళ్లుగా గాజు సామాను కడుగుతోంది. కాగితాల మీద ఆవిడ పని అంతే. కానీ మాలో ఎవరికి మైక్రోస్కోపులో కణం చూడటం వచ్చినా అది ఆవిడ నేర్పిందే. ఈ మాట ఎవరు కాదన్నా నేను ఊరుకోను.

"ఒక కన్ను మూసీకు బేటా. రెండూ తెరిచే సూడు," అనేది. మొదట్లో కళ్లు తిరిగేవి. వారానికి అలవాటైపోయేది.

ఏటా పన్నెండో తరగతి ప్రాక్టికల్స్‌కి ఆవిడ నీళ్ల గ్లాసుల మీద ఉల్లిపాయలు నిలబెట్టి వేళ్లు పెంచేది. వేరు కొసలోనే కణాలు ఎడతెగకుండా విభజన చెందుతుంటాయి. పొద్దున్నే ఆ కొస కోసి, ఆమ్లంలో మెత్తబరిచి, ఎర్ర రంగు పట్టించి, స్లైడు మీద పెట్టి బొటనవేలితో నొక్కేది. ఆ వేలికి రంగు వదిలిన రోజు నేను చూడలేదు.

నేను పన్నెండులో ఉన్న ఏడు సముద్రం బాగోక ఓడ రాలేదు. బజారులో ఉల్లిపాయన్నది లేదు. ప్రిన్సిపాల్ గణేశ్వరరావు గారే మాకు బయాలజీ చెప్పేవారు. ఆయన ఈ సంగతి తేలిగ్గా తేల్చేశారు.

"చార్టు ఉందిగా, చూసి బొమ్మ గీసేయండి."

"చార్టు గీస్తే మార్కులొస్తాయి సార్. కణం ఎప్పుడు సూస్తారు పిల్లలు?" అంది దీదీ.

"నీ పని గాజు కడగడం. కడుగు."

కడిగింది. సాయంత్రం మిన్నీ బే ఒడ్డుకి పోయి, ఇసుకలో పెరిగే తెల్ల లిల్లీ దుంపలు నాలుగు తవ్వుకొచ్చింది. నీటిలో ఉంచితే కొన్నాళ్లకి కొత్త వేళ్లు వచ్చాయి. లావు వేళ్లు. మొదటిరోజు నొక్కితే ముద్దయ్యాయి. మర్నాడు ఆమ్లంలో ఇంకాస్త సేపు ఉంచింది. ఆ మర్నాడు నన్ను పిలిచింది.

చూశాను. ఒక కణం నడుమ ఎర్రటి పోగుల్లా క్రోమోజోములు విడివిడిగా కనిపించాయి. ఒక్కో పోగూ అప్పటికే తన జతను తయారు చేసుకుంది. ఇక విడిపోతే రెండు కొత్త కణాలకీ సరిగ్గా అన్నేసి వెళ్తాయి.

"లెక్కెట్టు."

మూడుసార్లు లెక్కపెట్టాను. "ఇరవైరెండు. కానీ చార్టులో పదహారే కదా దీదీ?"

"అరె, అది ఉల్లిపాయది. ఇది లిల్లీ. నువ్వేటి సూసావో అదే రాయి."

రాశాను. గణేశ్వరరావు గారు నా రికార్డులో ఇరవైరెండు కొట్టేసి ఎర్ర సిరాతో పదహారు వేశారు.

"నేను చూసిందే రాశాను సార్."

"ఎవరు చూపించారు?"

నా నోరు ఊరుకుందా! పేరు చెప్పేశాను. మర్నాడే దీదీకి మెమో వచ్చింది. హోదా మరిచి పాఠాలు చెప్పినందుకు సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే స్టోరుకి మార్పు. స్టోరంటే విరిగిన బెంచీలు, బొద్దింకలు. నాకు ఏడుపొచ్చింది. దీదీకి మాత్రం కోపమొచ్చింది.

"పంతొమ్మిదేళ్లు నొక్కాను ఈ ఏలితో. తప్పని ఒప్పుకుని సంతకం ఎట్టమంటారా? ఎట్టను."

తెల్ల కాగితం మీద ఒకే వాక్యం రాసింది: "సంజాయిషీ జతచేశాను, చూడగలరు." కింద ఆ స్లైడుని టేపుతో అతికించి ఆఫీసులో ఇచ్చింది.

పది నిమిషాల్లో ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం పట్టుకుని ల్యాబులోకి వచ్చారు. "ఏమిటీ పొగరు?"

"సూసి మాటాడండి సార్." దీదీ కాగితం అందుకుని, స్లైడు ఊడదీసి, మైక్రోస్కోపులో పెట్టి, ఆ కణాన్ని మధ్యకి తెచ్చి పక్కకి తప్పుకుంది. మేం పద్దెనిమిది మందిమీ రికార్డులు మూసి నిలబడ్డాం. ఆయన మా వంక చూశారు. వెనక్కి వెళ్లడానికి లేదు. వంగి, ఎడమ కన్ను మూశారు.

"రెండూ తెరవండి సార్," అంది దీదీ.

తెరిచారు. ఆయన పెదవులు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి. పదహారు దగ్గర ఆగలేదు.