రావులను కలిపాను, ఆమెను విడదీశాను

ఇన్నేళ్ళుగా ఒక తప్పు మోస్తున్నాను. దానివల్ల నాకు నిద్ర పట్టలేదని మొదట రాశాను. తర్వాత కొట్టేశాను. నిద్ర బాగానే పట్టింది. ఆకలి వేసింది. పెన్షన్ వచ్చింది. అంత పని చేసి కూడా హాయిగా తిరగగలిగానన్నదే ఇప్పుడు గుండె మీద బండలా కూర్చుంది.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర మొదలుపెడితే గోరంతను కొండంత చేస్తాను. నాకు ఆ జబ్బు ఉంది. ఇందులో కూడా మధ్యలో ఎక్కడో చేస్తాను, చూడండి. చేసినచోట ఆగి ఒప్పుకుంటాను.

సికింద్రాబాద్‌లో ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రం. అందులో లైబ్రరీ నాది. నేను కన్నెర్ర చేస్తే సైంటిస్టులు వణికేవాళ్ళని రెజిమెంటల్ బజార్‌లో మా దోస్తులకు చెప్పేవాణ్ణి. ఎవరూ వణకలేదు. పుస్తకం కావాలంటే పిలిచేవాళ్ళు, లేకపోతే నేనున్నట్టే గుర్తుండేది కాదు. ఒక్కసారి మాత్రం ఇద్దరి బతుకులు నా వేలి కిందికి వచ్చాయి.

పురుగుల విభాగానికి అధిపతి పదవి ఖాళీ అయింది. పోటీలో ఇద్దరు. ఒకరు రావు. రెండో ఆమెను దయామణి అందాం. ఎవరిని వేసినా రెండోవాళ్ళు పైకి ఫిర్యాదు రాస్తారని మా డైరెక్టర్‌కు భయం. ఆయన ఎక్కడో విని వచ్చిన కొత్త పద్ధతి ఒకటి పెట్టాడు. సిఫార్సులు వద్దు, సైటేషన్లు చూద్దాం అన్నాడు. అంటే ఒకరి పేపరును లోకంలో ఇంకెంతమంది తమ పేపర్లలో పేర్కొన్నారన్న లెక్క. కంప్యూటర్లు రాని రోజులు. విదేశం నుంచి వచ్చే లావుపాటి సంపుటాల్లో చీమ తలకాయంత అక్షరాల్లో అదంతా ఉండేది. వెతికి లెక్క తెమ్మని నాకు అప్పగించారు.

ఆ సంపుటాలు చేసేవాళ్ళకు మన పేర్లు అర్థం కావు. మనకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. వాళ్ళకు చివరి మాటే వంశం. దాంతో తెలుగుదేశంలోని రావులంతా అక్కడ ఒకే తల్లి బిడ్డలు. మా రావు పేరు ముందున్న పొడి అక్షరమే తమకూ ఉన్న రావులు ఎందరో, అంతా ఒకే పేరు కింద కుప్ప. ఒకాయన సిమెంటు మీద రాశాడు, ఒకాయన గుండె జబ్బుల మీద, ఒకాయన సముద్రపు ఉప్పు మీద. దయామణి సంగతి తిరకాసు. పెళ్ళికి ముందు పేపర్లు తండ్రి ఇంటిపేరుతో ఒకచోట, పెళ్ళయ్యాక రాసినవి భర్త ఇంటిపేరుతో ఇంకోచోట. ఒక పత్రికవాళ్ళు పేరు తిరగేసి వేసినందువల్ల మూడో చోట కూడా. ఒకే మనిషి ముగ్గురు ఆడవాళ్ళై కూర్చుంది.

ఇది నాకంటే బాగా తెలిసినవాడు ఆ కేంద్రంలో లేడు.

రావులందరినీ కలిపాను. సిమెంటు రావును, గుండె రావును, ఉప్పు రావును, అందరినీ మా రావు ఖాతాలో వేశాను. దయామణిని మాత్రం మూడు ముక్కలుగానే ఉంచి, అందులో అతి చిన్న ముక్క తీసుకుని, ఇదే ఆమె అన్నాను. ఆమెకు నాలుగు వచ్చాయి. రావుకు ఎన్ని వచ్చాయో చూసి డైరెక్టర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. రావు కూడా బిత్తరపోయాడు. "ఏవండీ, నాకింతమంది అభిమానులున్నారని మా ఆవిడక్కూడా తెలీదండీ" అన్నాడు. అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఒక్క కప్పు చాయ్ కూడా తాగించలేదు.

మరి ఎందుకు చేశాను?

కోస్తావాళ్ళు వచ్చి మన కుర్చీలన్నీ నింపేస్తున్నారని, అందుకే కడుపు మండి చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఎంత గొప్ప కారణం. చిక్కల్లా ఏమిటంటే దయామణిలాగే రావుది కూడా కోస్తానే, తెనాలి దగ్గర. ఆ కారణం నా మనసులో అన్నేళ్ళు నిలబడిందంటే నేను ఎంత తేలిగ్గా నన్ను మోసం చేసుకోగలనో చూడండి.

అసలు కారణం వేలెడంత. అంతకు ముందు ఏడాది స్టాఫ్ మీటింగులో ఎవరో ఒక సంపుటం దొరకడం లేదన్నారు. బైండింగ్‌కు పంపానని చెప్పాను. దయామణి లేచి, చాలా మర్యాదగా, "మీ కుర్చీ వెనకే ఉందండీ, పొద్దున చూశాను" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. అంతే. దానికి నేను ఆమె ఇరవై ఏళ్ళ పనిని కోసేశాను.

కోసేముందు ఆడుకున్నాను కూడా. మూడు పేర్లూ మీవేనని రుజువు కావాలన్నాను. ఆమె బాపట్ల వెళ్ళి, పెళ్ళి జరిగిన చర్చిలో పాస్టరుగారి చేత ధ్రువపత్రం రాయించుకుని వచ్చింది. ఎండల్లో, జనరల్ బోగీలో నిలబడి. దాన్ని అందుకుని, బాగుంది మేడం అన్నాను. సొరుగులో వేశాను. అంతకు ముందురోజే లెక్క డైరెక్టర్ బల్ల మీద పెట్టి వచ్చాను.

రావుకు పదవి వచ్చిన తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె లైబ్రరీకి వచ్చింది. ఎవరూ లేరు. ఇప్పుడు రాసేది మాత్రం ఒక్క మాట పెంచకుండా, తుంచకుండా రాస్తున్నాను.

"అన్నయ్యగారూ, ఆ సంపుటాలు ఒక్కసారి నన్ను చూడనిస్తారా?"

"బైండింగ్‌కు పంపిన మేడం. అయినా మీకెందుకు తక్లీఫ్? అచ్చు మస్తు సన్నగుంటది, కండ్లు పోతయి."

సంపుటాలు నా కుర్చీ వెనకే ఉన్నాయి. ఈసారి ఆమె అటు చూడలేదు.

"నాలుగేనంట గదండీ?"

"నాలుగంటే తక్కువా మేడం? కొందరికి అది సుత లేదు."

ఆమె చిన్నగా నవ్వింది. "పదవి గురించి కాదండీ. కందికాయ తొలిచే పురుగు గుడ్లను ముందే పట్టేసే కందిరీగ ఉంటుంది కదా, దాన్ని పెంచడానికే నాకు సగం వయసైపోయింది. మా పిల్లల పుట్టినరోజులు కూడా ఆ గదిలోనే మర్చిపోయాను. ఎక్కడో ఎవరో చదువుతున్నార్లే అనుకునేదాన్ని. ఎవరూ చదవలేదన్నమాట."

"లోకమే గట్లుంటది మేడం. జెర కూసోండి, నీళ్ళు తాగుండ్రి."

"మూడు పేర్లూ చూశారు కదండీ?"

"చూసిన. దేవుని తోడు."

"మీరు చూశారంటే ఇంకేముందిలెండి."

ఇక్కడ మీకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. ఇదే నేను ఎవరికీ చెప్పనిది. లెక్క చేస్తున్నప్పుడు కుతూహలం కొద్దీ, ఆమెను పేర్కొన్న పేపర్లలో ఒకదాన్ని తీసి చదివాను. ఆఫ్రికాలో ఏదో దేశం. అక్కడి కందిచేలల్లో ఒకాయన దయామణి చూపించిన పద్ధతిలోనే ఆ కందిరీగను పెంచి పొలాల్లో వదిలాడు. ఆమె పని లేకపోతే తమ పని మొదలయ్యేదే కాదని మొదటి పేజీలోనే రాశాడు. అలాంటివి ఒకటి కాదు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆ పత్రిక నాకు చేతికందే దూరంలో ఉంది. పదవి ఎలాగూ పోయింది. తీసి చూపిస్తే రావుకు పోయేదేమీ లేదు, నాకు కూడా పెద్దగా ఏమీ కాదు, ఇంకో చోట దొరికింది మేడం అంటే సరిపోయేది. చూపించలేదు. ఆమె ముఖం వాడిపోవడం చూస్తూ కూర్చున్నాను. జాలి వేసిందని రాయబోయాను. వేయలేదు. బాగుందనిపించింది. ఇప్పుడు నవ్వవేం, అనిపించింది.

ఆ తర్వాత ఆమె ఒక్క పేపరూ రాయలేదు. కందిరీగల గదిని రావు తన స్టోర్‌రూం చేసుకున్నాడు. తన పేపర్ల ప్రతులన్నీ కట్టకట్టి లైబ్రరీలో ఉంచమని ఆమె నాకిచ్చింది. వాటిని చిత్తుకాగితాల కింద రద్దీకి అమ్మి మిర్చి బజ్జీలు తిన్నానని దోస్తుల దగ్గర చెప్పుకున్నాను. బజ్జీలు అబద్ధం. రద్దీకి వేసింది నిజం. చెడ్డవాణ్ణని చెప్పుకునేటప్పుడు కూడా కాస్త సరదా మనిషిలా కనిపించాలనే యావ ఎందుకో. కొన్నాళ్ళకు ఆమె ఉద్యోగం వదిలి, మారేడ్‌పల్లిలో ఒక జూనియర్ కాలేజీలో పిల్లలకు జువాలజీ చెప్పుకుంటోందని విన్నాను.

మొన్న చిలకలగూడలో మందుల షాపు దగ్గర కనిపించింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను తప్పించుకోబోయాను. ఆమే పలకరించింది. పక్కనున్న కోడలితో, "మా లైబ్రరీ అన్నయ్యగారమ్మా. నాకోసం ఆ సన్న అక్షరాల్లో కళ్ళు పోయేలా వెతికారు పాపం. పెద్దగా ఏమీ దొరకలేదనుకో, అది వేరే సంగతి" అంది. ఎగతాళి కోసం ఆమె ముఖమంతా వెతికాను. లేదు. నేను చేతులు జోడించాను. అంతా దేవుని దయ మేడం అని కూడా అన్నాను.

అప్పుడు చెప్పొచ్చు కదా, అంటారు. ఈ వయసులో పాత గాయం రేపడం ఎందుకని ఊరుకున్నానని రాస్తే మీరు నమ్ముతారు. నేనే నమ్మను. ఈ లోకంలో నన్ను మంచివాడనుకునే మనిషి ఒక్కతే మిగిలింది, అది ఆమె. ఆమెకున్న ఆ నమ్మకాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆమె పనిని చదివారు. ఎంతోమంది చదివారు. ఆమె వినవలసిన మాట ఇది, చెప్పడానికి ఒక్క క్షణం పట్టదు. ఆమెకు చెప్పలేదు, మీకు చెప్పాను. రాసేశాక గుండె నిజంగానే కాస్త తేలికపడింది. ఆ తేలిక ఆమెకు దక్కవలసింది. దాన్ని కూడా నేనే తీసుకున్నాను.