లాంతరు ముందు, మనిషి తర్వాత

నా ఉద్యోగమంతా ధ్రువాల దగ్గర గడ్డకట్టే సముద్రంతోనే గడిచింది. కానీ నేను ఓడ ఎక్కింది లేదు, మంచు తొక్కింది లేదు. ఎవరైనా నవ్వితే నవ్వనీ, నాకేం సిగ్గు! ఆ షరతు మీదే మా నాయన నన్ను చదువుకు పంపాడు.

మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. నాయన బావులు తవ్వేవాడు, పూడికలు తీసేవాడు. పాతబావిలోకి దిగేముందు లాంతరు వెలిగించి తాడుతో కిందికి వదలడం వాళ్ళ పద్ధతి. అడుగుదాకా దీపం వెలుగుతూనే ఉంటే గాలి మంచిదని మనిషి దిగుతాడు. ఆరిపోతే ఆ రోజుకు పని బంద్. ఒకసారి తొందరపడి మా చిన్నాయన లాంతరు వదలకుండానే దిగాడు. శవాన్ని పైకి లాగారు. అప్పటినుంచి ఇంట్లో లోతు నీళ్ళ మాటెత్తితే నాయన ముఖం నల్లబడేది.

అలాంటి ఇంట్లో పుట్టి, కడపలో కాలేజీ చదువు అయ్యాక, విశాఖపట్నం పోయి సముద్రం గురించి చదువుతానన్నాను. నాయన తిట్టలేదు. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఆ విద్యలో నేనేం తక్కువ తినలేదు. మాట్లాడని మనిషితో ఏం పోట్లాడతాం? అమ్మ మాత్రం రోజూ ప్రార్థనలో నాకు మంచి బుద్ధి ఇమ్మని, నాకు వినపడేలా అడిగేది. సీటు వచ్చింది. చేరే గడువు దగ్గరపడుతున్నా నాయన నోరు విప్పలేదు.

రష్యావాళ్ళు ఆకాశంలోకి ఉపగ్రహాలు వదులుతున్న రోజులవి. ఆ వేసవిలో ఒకటి పొద్దుగూకాక మన మీదుగా పోతుందని పేపర్లో వేస్తే అందరం మిద్దె ఎక్కాం. నిజంగానే చుక్క ఒకటి నింపాదిగా నడిచిపోయింది. ఇది దేనికి పనికొస్తుందని నాయన నన్ను అడిగాడు. అన్నాళ్ళకు నాతో మాట్లాడిన మాట అదే. మా లెక్చరరు చెప్పిందే చెప్పాను. రేపోమాపో వీటిలో కొలిచే యంత్రాలు పెట్టి, ధ్రువాల దగ్గర సముద్రం ఎంతమేర గడ్డకట్టిందో, నీళ్ళు ఎటు పారుతున్నాయో పైనుంచే కనుక్కుంటారని, నాకు ఆ పని చేయాలని ఉందని.

నాయన ఆ చుక్క పోయిన దిక్కుకు చెయ్యి చూపించాడు.

"అంటే లాంతరు పంపిస్తారు, మనిషి గట్టునే ఉంటాడు. అంతేనా పాపా?"

"అంతే నాయనా. ఓడ ఎక్కే పనే లేదు."

"అట్లయితే పో. ఈ మాట ముందే చెప్పకూడదా? ఇన్నాళ్ళూ ముద్ద దిగక చస్తాండా."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అమ్మ స్తోత్రం చెప్పింది. ఆ పూట నాయన మారు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

లెక్చరరు మాట నిజం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ధ్రువాల దగ్గర నెలల తరబడి చీకటి. ఆ చీకట్లోనూ మంచు నుంచి, నీళ్ళ నుంచి వచ్చే సన్నటి రేడియో తరంగాల తేడా పట్టి ఉపగ్రహం రెండింటినీ వేరుచేస్తుంది. సముద్రమట్టం ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో కొలిస్తే ప్రవాహాల దారి తెలుస్తుంది. నేను చేసిన మొదటి మంచు పటం ఊరికి తెచ్చి చూపిస్తే, ముసలి నాయన దాన్ని చేత్తో తడిమి చూశాడు.

"దీనికోసం ఎవరూ దిగలేదు గదా?"

"ఎవరూ దిగలేదు నాయనా."

"మంచిది" అన్నాడు. తర్వాత, అన్నేళ్ళలో మొదటిసారి, తనంతట తానే చిన్నాయన ఊసెత్తి, వాడి చిన్నప్పటి అల్లరి చెప్పి చెప్పి నవ్వాడు.