రైలుకట్ట మీద నడిచిన కీమాన్ బాబాయి

'అనారోగ్యంతో కన్నుమూశారు' అని మా పేట వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఏ అనారోగ్యమండీ? డెబ్బై దాటినా బీపీ లేదు, షుగరు లేదు. రోజూ పొద్దున్నే రైలుకట్టను ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు నడిచే మనిషి. నడవడానికీ సైకిళ్లకూ మాత్రమే వేసిన బాటలో వెనక నుంచి మోటారుసైకిలు వచ్చి గుద్దితే, తుంటి విరిగి, గుంటూరు ఆసుపత్రిలో ఇరవై రోజులు మంచాన పడి పోయారు మా కీమాన్ బాబాయి. ఆ మాట గ్రూపులోనే రాద్దామని మూడుసార్లు టైపు చేసి చెరిపేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు, పక్కింటాయన. రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయ్యారు. కీమాన్ అంటే భుజాన సుత్తి, చేతిలో స్పానరు పెట్టుకుని తన వంతు లైనంతా రోజూ నడిచి, పట్టాల బిగింపులు ఎక్కడ వదులయ్యాయో చూసి బిగించే మనిషి. మా ఇళ్ల వెనక మీటరుగేజి లైను ఉన్నన్నాళ్లూ ఆయన నడిచింది దాని మీదే. తర్వాత కొత్త లైను ఊరి బయటగా వేశారు. పాత పట్టాలు పీకేసి కట్టను చాలా ఏళ్లు తుమ్మచెట్లకూ చెత్తకూ వదిలేశారు. చివరికి ఎవరికి పుట్టిన బుద్ధో గానీ దాని మీద సిమెంటు బిళ్లలు పరిచి, బెంచీలు వేసి, వేప మొక్కలు నాటి బాట చేశారు. అందరికంటే ఎక్కువ సంబరపడింది బాబాయే.

"పట్టాలు పోతే పోయినయ్యి, కట్టన్నా మిగిలిందమ్మాయ్" అన్నారు.

మేము షికారుకు నడిస్తే ఆయన డ్యూటీకి నడిచేవారు. కర్రతో బిళ్లలను తడుతూ పోయేవారు. ఏదైనా బోలుగా మోగితే సుద్దముక్కతో దాని మీద గీత కొట్టి, ఆ గీతలన్నీ మున్సిపాలిటీ మేస్త్రీకి చూపించేదాకా ఊరుకునేవారు కాదు. మేస్త్రీ ఆయన్ను దూరం నుంచి చూసి పక్క సందులోకి తప్పుకోవడం నేను కళ్లారా చూశాను. మా అమ్మాయికి సైకిలు నేర్పింది కూడా ఆయనే. "ముందు ఆపడం నేర్చుకోవే, తొక్కడం దానంతటదే వచ్చుద్ది" అనేవారు. నేను ఫోను చూసుకుంటూ నడిస్తే మాత్రం కోప్పడేవారు. "ఎదర వచ్చేదాన్ని కళ్లతో చూస్తా నడువు. ఎనకమాల వచ్చేదాన్ని చెవులకి అప్పజెప్పమాక, తిరిగి చూస్తా ఉండు" అనేవారు. లైను మీద ముప్పై ఏళ్లు బతికి బట్టకట్టిన మనిషి మాట అది.

ఇక మా సంగతి. మా వరస ఇళ్లన్నీ రైలుకు వీపు పెట్టి కట్టినవే. బాట పడగానే వెనక గోడలు పగలగొట్టి తలుపులు పెట్టుకున్నాం. తలుపు వచ్చాక బండి దిగడానికి సిమెంటు వాలు పోసుకున్నాం. మొదటి వాలు మాదే, దాచడం దేనికి? నేను పాఠాలు చెప్పే బడికి మార్కెట్టు చుట్టి పోతే పావుగంట, కట్ట మీద పోతే ఐదు నిమిషాలు. అడ్డమల్లా కట్ట చివర రోడ్డు దగ్గర పాతిన మూడు ఇనప గుంజలే. వాటి మధ్య మనిషి పడతాడు, సైకిలు పడుతుంది, స్కూటీ పట్టదు. నడిమి గుంజ తీసెయ్యాలని అందరం అర్జీ పెట్టాం. ఆపదొస్తే అంబులెన్సు రావడానికి అని కారణం రాశాం. టీచరమ్మ బాగా రాస్తుందని నా చేతే రాయించారు. బాగానే రాశాను.

సంతకం కోసం బాబాయి దగ్గరికీ వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"నడిమిది పీకితే అంబులెన్సు పడుద్దా అమ్మాయ్?"

"పడుద్దిలే బాబాయ్."

"ఏందే పడేది! నేను అడుగులేసి చూసినా. పడేది బండి. అంబులెన్సు రావాలంటే మూడూ పీకాల."

"నీకేం బాబాయ్, నీకు బండి లేదుగా. ఎన్నైనా చెప్తావ్."

ఆ మాట అన్నది నేనే. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "నేను పెట్టనమ్మా. కాఫీ తాగి పో" అన్నారు. తాగకుండా విసురుగా వచ్చేశాను. ఎంత పొగరు నాకు!

గుంజను కోసేశారు. మొదట మా బండ్లు, నెల తిరిగేసరికి ఊళ్లో సగం బండ్లు కట్టెక్కాయి. పాలక్యాన్లు, గ్యాసు సిలిండర్లు, ముగ్గురేసి కుర్రాళ్లు. బాబాయి చెయ్యెత్తి ఆపితే "ఏంది తాతా, రైలొస్తందా?" అని నవ్వుకుంటూ పోయేవారు. ఆ పొద్దున ఆయన కదులుతున్న బిళ్లను వంగి సర్దుతున్నారు. గుద్దినవాడు పరాయివాడు కాదు, మా వరసలో వాలు పోసుకున్న ఇంటివాడే. పేరు రాయను. అతనొక్కడి తప్పేనని తేల్చేస్తే మాకందరికీ చాలా సుఖంగా ఉంటుంది.

అంబులెన్సు వచ్చింది. గుంజల దగ్గర ఆగిపోయింది. బాబాయిని నవారు మంచం మీద పడుకోబెట్టి అంతదూరం నలుగురు మోశారు. అడుగు అడుగుకీ మూలుగుతున్నారు. చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాను. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

పెద్దకర్మ రోజున మా వార్డు పెద్దమనిషి లేచి బాటకు బాబాయి పేరు పెడదామనీ, ఆర్చి కట్టిద్దామనీ అన్నాడు. అందరూ తలలూపారు. బాబాయి భార్య, మా పిన్ని, గడపలో కూర్చుని ఉంది.

"పేరెందుకయ్యా? ఆ గుంజ పాతిచ్చండి చాలు" అంది.

"చూద్దాంలే అమ్మా" అన్నాడాయన. భోజనాలు చేసి, చేతులు కడుక్కుని, వచ్చిన బండ్ల మీద అదే కట్ట మీదుగా పోయారంతా. సిగ్గు లేకపోతే సరి!

గుంజ మళ్లీ పాతమని నేను రెండో అర్జీ రాశాను. ఇంటింటికీ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఆయన్ను తలుచుకుని కళ్లు తుడుచుకున్నారు. "చానా మంచోడమ్మా, దేవుడసుమంటోడు. కానీ మా ఆయన డ్యూటీకి లేటవుద్ది" అని ఒకావిడ. "ఆయన టైమొచ్చింది, పోయిండు. గుంజేం చేసుద్ది?" అని ఇంకొకాయన. మొదటిదాని మీద సంతకాలు పెట్టిన వాళ్లే వీళ్లంతా. రెండోదాని మీద పడ్డవి నాదీ, పిన్నిదీ.

మొన్న ఆదివారం పొద్దున కట్ట చివర హారన్లు ఆగకుండా మోగుతుంటే వెళ్లి చూశాను. గుంజ కోసేసిన ఖాళీ నిండా టార్పాలిను పట్టా పరిచి, దాని మీద ఎండుమిరపకాయలు కుప్ప పోసుకుని, పిన్ని తొడిమలు తీస్తోంది. నడిచేవాళ్లు పట్టా అంచు మీదుగా దాటిపోతున్నారు. బండ్లు మాత్రం అయిదారు ఆగిపోయాయి. ఘాటుకు ఒకటే తుమ్ములు, దగ్గులు.

"మామ్మా, కాస్త జరుగు. పనికి పోవాల" అన్నాడు ముందున్నవాడు.

"తొడాలు తీయటం అయినాక జరుగుతాలే నాయనా" అంది పిన్ని, తల ఎత్తకుండా.

నేను చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చుని ఒక గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకున్నాను. వేళ్లు అప్పుడే మండడం మొదలైంది. మా వెనక, మూతి కుట్లు ఇంకా విప్పని మిరపకాయల బస్తాలు రెండు నిటారుగా నిలబడి ఉన్నాయి.