ఆమెన్ పడని ప్రార్థన

నా చిన్నప్పుడు మందమర్రి లైన్లలో, గని కార్మికుల వరస ఇళ్లలో, మా బాపు ప్రార్థన మొదలుపెడితే పళ్ళెంలో అన్నం చల్లారిపోయేది. ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పొద్దంతా భూమి కింద నోరు మూసుకుని బతికే మనిషి కనుక, పైకి వచ్చాక మిగిలిపోయిన మాటలన్నీ దేవుడి ముందు కుమ్మరించేవాడు. రాజ్యాలేలేవాళ్లు, వానలు, పంటలు, బాయిలోకి దిగినవాళ్లు, దిగబోయేవాళ్లు అందరూ అయ్యాక మా పప్పన్నం వంతు వచ్చేది. నేను ఒక కన్ను మూసి దేవుణ్ణి, ఇంకో కన్ను తెరిచి పప్పును చూసుకునేదాన్ని.

మా నాయనమ్మ మాత్రం రెండు కళ్లూ మూసేది. అది ప్రార్థనకు కాదు, నిద్రకు. లైన్ల చివర రేకుల కప్పు వేసిన ప్రార్థన ఇల్లు ఉండేది. అందులో బాపు గొంతు లేచిందంటే నాయనమ్మ తల వాలేది. పాట పాడేటప్పుడు అందరూ ఒక చరణంలో ఉంటే ఆమె ఇంకో చరణంలో ఉండేది. ఆమెకు వచ్చిన ప్రార్థన ఒక్కటే. "తండ్రీ, నువ్వు చూస్తనే ఉన్నవ్ గద" అని చెంగుతో మొహం తుడుచుకుని లేచేది. గింతేనా అని నేను ఎగతాళి చేస్తే, "ఆయనకేం చెవుడు లేదే" అనేది. మా సంఘంలో భక్తి తక్కువ మనిషి ఎవరని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే తడుముకోకుండా ఆమెనే చూపించేదాన్ని.

ఆమె మొహం నిండా గుంటలు. హుజూరాబాద్ దిక్కు పల్లెలో, మావాళ్లింకా క్రైస్తవులు కాకముందు, ఆమెకు అమ్మవారు పోసిందట. "పోచమ్మ నన్ను నోట్లె ఏసుకొని, రుచి లేదని ఉమ్మేసింది" అని తనే చెప్పుకుని నవ్వేది. నాకీ నోటి దురుసు ఎక్కడిదని మా ఇంట్లో అడుగుతుంటారు. ఇంకెక్కడిది. బడిలో నేర్చుకునేంత కాలం నేను బడికి పోతే కదా.

మా గోడకు ఆనుకునే పక్కింటి అక్క వాళ్ల ఇల్లు. ఆమెది ఆదిలాబాదు అవతల, మరాఠీ మాట కలిసే ఊరు. పెద్ద ఆడవాళ్లను ఆయీ అని పిలిచేది. ఆమె పెనిమిటి, మా బాపు ఒకే పాళీలో, అంటే ఒకే షిఫ్టులో, బాయిలోకి దిగేవారు. వాళ్లకు ఒక చిన్న కొడుకు. అక్క నా జుట్టు చూసి, "నీ నెత్తిల పిట్టలు గుడ్లు పెట్టినయే పిల్లా" అని లాక్కుని నూనె రాసి బిగించి జడ వేసేది. కళ్లు కూడా సాగేంత బిగువు. నేను ఏడ్చేదాన్ని, మళ్లీ మర్నాడు వెళ్లేదాన్ని.

ఒక ఎండాకాలం ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. మా దగ్గర వేపమండ కట్టారంటే లోపల ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఇక ఆ గడప ఎవరూ తొక్కరు. మిషన్ దవాఖానవాళ్లు వచ్చినప్పుడు మా సంఘంవాళ్లం చాలామంది టీకాలు వేయించుకున్నాం. అక్క వేయించుకోలేదు. పోచమ్మ తల్లికి కోపం వస్తుందని దాక్కుంది. ఇప్పుడు పోసింది ఆమెకే. పెనిమిటి కొడుకును ఎత్తుకుని, తన తల్లిని తోలుకొస్తానని ఊరికి పోయాడు. పోయినవాడు రాలేదు. ఇరుగుపొరుగువాళ్లు గడప బయట గంజి పెట్టి గబగబా వెనక్కి నడిచేవారు. లేవలేని మనిషికి ఆ గంజి ఎలా అందుతుందో ఎవరూ ఆలోచించలేదు. కాకులు ఆలోచించాయి.

లైన్ల గోడలు సన్నం. మేం అన్నం తింటుంటే గోడ అవతలి నుంచి "పాణీ" అని వినిపించేది. కాసేపటికి "నీళ్లు" అని వినిపించేది. ఏ భాషలో అడిగితే మాకు అర్థమవుతుందో అని చూస్తున్నట్టుండేది. మా అమ్మ ముద్ద నోట్లో పెట్టుకోలేక, లేవనూలేక కూర్చునేది.

ఆదివారం ప్రార్థన ఇంట్లో బాపు అక్క కోసం ప్రార్థన చేశాడు. నేను విన్న ఆయన ప్రార్థనల్లో అంత గొప్పది లేదు. ఎడారిలో బండను చీల్చి నీళ్లిచ్చిన దేవుడివి నువ్వు అని మొదలుపెట్టి, ఆ దిక్కులేని ఆడబిడ్డ గొంతు తడుపు తండ్రీ అని వేడుకున్నాడు. ఆడవాళ్లంతా ముక్కులు చీదారు. ఆమెన్ అన్నాక లేచి చాపలు చుడుతుంటే నాయనమ్మ ఆవులించి అడిగింది.

"మంచిగ అడిగినవ్ కొడుకా. మరి నీళ్లు ఎవలు తీస్కపోతరు?"

మా సంఘాన్ని నడిపే ఉపదేశి అయ్యగారు చెడ్డవాడు కాదు. చెప్పుల్లేకుండా ఊళ్లూళ్లు నడిచి మమ్మల్ని కాచినవాడు. మావాళ్లలో చాలామంది కొత్తగా నమ్ముకున్నవాళ్లు. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే పాత దేవతల గడపలకు జారిపోతారని ఆయనకు భయం. లైన్ల గుమ్మాలు పొట్టివి. ఎంత పొట్టి మనిషైనా తల వంచందే లోపలికి పోలేడు. ఆయనకు గుచ్చుకుంది అక్కడే.

"అవ్వా, యాపమండ కింద తల వంచుడంటే దానికి మొక్కినట్టే. చూసెటోళ్లు ఏమనుకుంటరు?"

"నా నడుం ఎన్నడో వంగింది అయ్యగారూ. అది ఎవలకు మొక్కిందో దాన్నే అడుగుండ్రి."

బాపు, "అవ్వా, జర ఊకో" అన్నాడు. ఆయన మొహంలో కోపం కంటే బెదురే ఎక్కువ కనిపించింది. రోజూ బాయిలో నెత్తి మీద పైకప్పు చప్పుడు వింటూ పనిచేసే మనిషి, నలుగురు ఏమనుకుంటారో అని బెదిరాడు.

ఆ మధ్యాహ్నమే నాయనమ్మ మంటి ముంత నిండా నీళ్లు తీసుకుని ఆ గుమ్మంలో వంగింది. "నీకు టీకా పడ్డది గద, గడప కాడ నిలబడి బిందె అందియ్యి" అని నన్ను పిలిచింది. అలా నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండునని చాలా ఏండ్లు అనుకున్నాను. నా జడ బిగించిన చేతులు ఏవో, మొహం ఏదో గుర్తుపట్టలేకపోయాను. గుడ్డ ఒంటికి అంటుకుపోయి ఉంది. నాయనమ్మ ఆ తలను ఒళ్లో పెట్టుకుని, కొంగు తడిపి పెదవుల మీద పిండింది. అక్క మింగింది. మింగిన చప్పుడు గడప దాకా వినిపించింది.

తర్వాత అక్క ఏదో అడిగింది. వేపాకు, పసుపు కలిపిన నీళ్లను పోచమ్మ ముందు ధారగా పోయడాన్ని మా దగ్గర సాక అంటారు. గుమ్మం పక్కనే ఆ నీళ్లతో చిన్న మట్టి గురిగి పెట్టి ఉంది. పోయడానికి ఇంట్లో మనిషి లేదు.

"ఆయీ, సాక పొయ్యి. తల్లి సల్లబడ్తది."

"నేను పొయ్యను బిడ్డా. నా దేవుడు వేరు. ఎవలు సల్లబడాల్నో నాకు ఎరుకే."

అని ఆ గురిగి తీసుకుని అక్క కాళ్ల మీద పోసింది. కాలిపోతున్న పాదాల మీద, వేళ్ల సందుల్లో, అరచేత్తో అడ్డుపెట్టి నెమ్మదిగా పోసింది. అక్క కళ్లు మూసుకుంది. పచ్చటి నీళ్లు గడప దాటి బయటికి పారాయి.

బయట దూరంగా నిలబడినవాళ్లకు కనిపించింది ఆ పచ్చనీళ్లే. పొద్దుగూకకముందే లైన్లంతా తెలిసిపోయింది. క్రైస్తవుల ముసలమ్మ పోచమ్మకు సాక పోసిందని మావాళ్లు తల కొట్టుకున్నారు. మిగతావాళ్లు, చూసిండ్రా, ఆపదకు మన తల్లే దిక్కయిందని నవ్వారు. నేను బాపు దగ్గరికి ఉరికి, సాక కాదు, కాళ్ల మీద పోసిందని చెప్పాను. ఆయన విని మొహం అటు తిప్పుకున్నాడు. ఉపదేశి గారికి చెప్పాను. చిన్నపిల్లవు, నీకేం తెలుస్తదని తల నిమిరాడు.

నాయనమ్మ రోజూ పోయి వచ్చింది. అయినా అక్క బతకలేదు. ఒక పొద్దున నాయనమ్మ ముంత బోర్లించి గుమ్మం బయట కూర్చుంది. బాయి కంపెనీ మనుషులు బండి మీద తీసుకుపోయి పూడ్చారు. బండి వెంట నడిచింది నాయనమ్మ ఒక్కతే. పెనిమిటి చాలా రోజులకు వచ్చి, ఎండిపోయిన వేపమండల కింద చాలాసేపు నిలబడి, లోపలికి వంగకుండానే వెళ్లిపోయాడు.

నెలకోసారి మా ప్రార్థన ఇంట్లో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉండేది. రొట్టె పళ్ళెం పట్టుకుని వరసలో తిరిగేది మా బాపే. తప్పు చేశానని నలుగురిలో ఒప్పుకుంటేనే నాయనమ్మకు రొట్టె అని ఉపదేశి గారు చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. వెనక చాప మీద కూర్చుంది. కన్నకొడుకు పళ్ళెం పట్టుకుని తల్లి ముందు నుంచి పోయాడు. ఆమె చెయ్యి చాచలేదు, ఆయన ఆగలేదు. ఆ రోజు ఆమె నిద్రపోలేదు. అది చూసి నాకు భయమేసింది.

కాళ్ల మీద పోశానని అయ్యగారికి నువ్వే ఎందుకు చెప్పవని ఇంటికి వచ్చాక పోట్లాడాను.

"నీళ్లు ఎటు పోసిన అనే అందరూ అడిగిండ్రు గని, ఆ పిల్ల గొంతు తడిసి దూప తీరిందా అని ఒక్కలన్న అడిగిండ్రా?" అంది. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. బాపు అన్నం ముందు ప్రార్థన చేయడానికి నోరు తెరిచి, ఊరికే తినేశాడు.

వానలకు ముందు మా లైనులోనే ఇంకో గుమ్మానికి వేపమండలు కట్టారు. ఒంటరి ముసలాయన, వంటలు చేసి బతికేవాడు. ఆదివారం బాపు లేచి ఆయన కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. ఎడారి వచ్చింది, బండ వచ్చింది. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగింది. తర్వాతి మాట కోసం అందరం కళ్లు మూసుకునే కాచుకున్నాం. నేను ఎప్పటిలాగే ఒక కన్ను తెరిచాను. బాపు చాపల మధ్య నుంచి నడిచి బయటికి పోతున్నాడు.

ప్రార్థన ఆగేసరికి నాయనమ్మకు మెలకువ వచ్చింది.

"అయిపోయిందానే?"

"కాలే. బాపు లేచి పోయిండు. యాపమండల ఇంటికి."

ఆమె గోడకు ఆనుకుంది. మొహం మీది గుంటల్లోకి నీళ్లు దిగాయి. తర్వాత అడిగింది, "నా ముంత తీస్కపోయిండా?"

లేదన్నాను.

"ఉరికి ఇచ్చిరా. ఉత్త చేతులతోని ఏం జేస్తడు, ఎడ్డోడు."

నేను ముంత నింపుకుని పోయేసరికి బాపు ఆ పొట్టి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. మా లైన్లలో ఆయనంత పొడుగు మనిషి లేడు. ముంత అందుకుని, దాదాపు మోకాళ్ల దాకా వంగి, లోపలికి పోయాడు.

ఆ ముసలాయన కూడా బతకలేదు. నీళ్లు తాగి పోయాడు. తర్వాతి నెల రొట్టె పళ్ళెం వేరేవాళ్ల చేతికి పోయింది. వెనక చాప మీద నాయనమ్మ పక్కన బాపు కూర్చున్నాడు. ఆయన భుజం మీద తల వాల్చి ఆమె గుర్రు పెట్టింది. ఆ వానాకాలంలోనే, రొట్టె ముట్టకుండానే ఆమె పోయింది. సమాధి దగ్గర ఉపదేశి గారు చాలా మంచి ప్రార్థన చేశాడు.

బాపు సగంలో వదిలేసిన ఆ ప్రార్థనకు తర్వాత కూడా ఎవరూ ఆమెన్ అనలేదు. ఇప్పుడు నేను నాయనమ్మ వయసు దాటాను. ఎవరి కోసమైనా ప్రార్థన చేయమంటే కళ్లు మూసుకుంటాను. నాలుగు మాటలు నడుస్తాయి. ఇంతలో సన్నటి గోడ అవతలి నుంచి, ఏ భాషలో అడిగితే అర్థమవుతుందో అన్నట్టు ఒక గొంతు నీళ్లడుగుతుంది. అప్పుడు ఒక కన్ను తెరిచి, వాళ్ల ఇల్లు ఎక్కడని అడిగి, చెప్పులు వెతుక్కుంటాను.