ఆళ్లగడ్డ బస్సులో మూతిగుడ్డ వాదన

1957లో ఫ్లూ జ్వరాల రోజులవి. మాది కాకినాడ. ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కి, మూతికి చేతిరుమాలు కట్టుకుని కూర్చున్నాను. మోకాళ్ల మధ్య పెద్ద మూట పట్టుకున్న పక్క సీటు రైతు నన్ను చూసి నవ్వాడు.

“ఏందప్పా అది? గుడ్డకు జరం ఆగుతాదా?”

చేతిలోని పేపరు చూపించాను. సింగపూరులో జ్వరాలు తగ్గాయట, మదరాసులో పెరుగుతున్నాయట. సింగపూరువాళ్లు మూతికి గుడ్డలు కట్టుకోబట్టే తగ్గాయని వాదించాను.

“ఆడ ముందొచ్చింది, ముందు పోతాంది. ఈడ యెనకొచ్చింది, యెనక పోతాది. మద్దెలో గుడ్డ ఏం జేసింది?”

మాట మార్చి, మూటలో ఏముందని అడిగాను.

“ఆంజనేయసామి. మా ఊరి గుడికి చెక్కించినాం. ప్రతిష్ఠ అయ్యేదాకా సామి మొగం ఎవురూ చూడగూడదు. అందుకే గుడ్డ చుట్టినాం.”

“దేవుడికి కట్టొచ్చు గానీ నేను కట్టుకోకూడదేంటండీ?” అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతోపాటు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

ఆయన నవ్వు ఠక్కున ఆగింది. భుజం మీది తువ్వాలు తీశాడు. వాదన నేనే గెలిచాననుకున్నాను. ఆయన దాన్ని ఆంజనేయస్వామి మొహానికి ఇంకో చుట్టు చుట్టి, తన మూతిని మాత్రం అలాగే వదిలేసి, నా వైపు తిరిగాడు.

“ఇప్పుడు చెప్పప్పా, సింగపూరు సంగతి ఏందీ?”