జడ్సన్ పేరు రాసిన రాయి

రెండో ప్రపంచ యుద్ధానికి పోయినవాళ్ల పేర్లతో సూళ్లూరుపేట దగ్గరి మా ఊరి చర్చిలో ఒక రాయి పెట్టారు. పదకొండు పేర్లు. మా ఊరి ఏసుమణి వాళ్ల తాత జడ్సన్ పేరు మాత్రం అందులో లేదు. బర్మాలో భయపడి పారిపోయాడని సంఘపెద్దలు తేల్చారు. రుజువేదని ఒక్కడూ అడగలేదు. సమాధుల మీద పేర్లు రాయడం ఏసుమణి వృత్తి. ఆ పదకొండు పేర్లకు ఏటా నల్లరంగు దిద్దేదీ ఆయనే. ఈస్టరు నాడు అందరూ తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, తాతకు సమాధి లేక ఆయన గేటు దగ్గర నిలబడేవాడు.

పోయిన డిసెంబరులో మా కాలేజీవాళ్లు చెన్నైలో యుద్ధ సైనికుల శ్మశానం చూపించడానికి మమ్మల్ని తీసుకెళ్లారు. వంటకు సాయంగా ఏసుమణి బస్సెక్కాడు. లెక్చరర్ గారు త్యాగం గురించి చెబుతుంటే పిల్లలు సెల్ఫీలు దిగారు. వరుసల మధ్య తిరుగుతున్న ఏసుమణి ఒక రాయి దగ్గర ఆగి నన్ను పిలిచాడు.

"అబ్బయా, ఈ ఇంగ్లీషులో ఏం పేరుండాది?"

"పేరు లేదు మామా. ఎవరో తెలీని సిపాయంట. దేవుడికే తెలుసని రాసుండారు."

"పేరు లేదా? అయితే మా తాతే!"

"అట్టా ఎట్టా చెప్తావు?"

"నువ్వేం చెప్పబాక. వాచ్‌మన్ వస్తాడేమో చూడు."

జేబులోంచి కుంచె, చిన్న రంగు డబ్బా తీశాడు. ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాడు. నేను గేటు వైపే చూస్తున్నాను. ఆయన ఆ రాయి మీద తాత పేరు రాయసాగాడు. చివరి అక్షరం తడి ఆరకముందే విజిల్ వినిపించింది. ఇద్దరం బస్సు వైపు పరుగెత్తాం. విజిల్ ఊదింది పూలు కోస్తున్న అమ్మాయిల మీదని తర్వాత తెలిసింది.

రాష్ట్ర సరిహద్దులోని తడ దాటేదాకా వెనక వచ్చే ప్రతి జీపూ పోలీసులదే అనిపించింది. నేను నెల రోజుల్లో ఆ భయం మరిచిపోయాను. ఏసుమణికి అప్పుడే మొదలైంది. పేర్లు రాయడం మానేశాడు. ఈ ఈస్టరుకు గేటు దగ్గరికి కూడా రాలేదు.

ఆయన్ని చివరిసారి సూళ్లూరుపేట స్టేషన్లో చూశాను. సంచిలో రంగు తుడిచే టర్పెంటైన్ సీసా, పాత గుడ్డ ఉన్నాయి.

"మళ్లీ అక్కడికా మామా? దొరికితే లోపలేస్తారు."

"ఏస్తే ఏసుకోనీ. ఆ రాయి కింద ఉండేది ఇంకొకడైతే? వాళ్లోళ్లు యాడాడో వెతుక్కుంటా వచ్చి, ఆ పేరు చూసి, మనోడు కాదని ఎనక్కి పోతారు గదబ్బయా."